సైలెన్సరు నతుకు విద్య

పాత కారుగల గృహస్థుని చెవికి ఒకనాటి యుదయమున క్రొత్త ధ్వని వినవచ్చును. ఇంజను యథాప్రకారము తిరుగుచునే యుండును. కాని కారు క్రిందినుండి మరపడవను బోలిన టపటపరొద బయలువెడలును. సైలెన్సరు తూటుపడినదన్నమాట. ఉప్పుగాలి సోకు తీరపు టూళ్లలో ఈ యుపద్రవము మఱింత శీఘ్రముగా వచ్చును. ఆ తూటును గృహస్థుడు తన పెరటిలో తానే యతుకుకొన నేర్వదగునా యనునది నేడు నేను చర్చింపబూనిన విషయము. నేర్వదగుననియే నా యభిప్రాయము. హైస్కూలు పత్రికలో వెల్డింగు ప్రసంగమేల యని నవ్వువారు కొంచెము తాళుదురుగాక.

ముందుగా ఆ గొట్టము చెడుటకు గల కారణమును జూతము. పెట్రోలు మండినపుడు పొగ మాత్రమే పుట్టునని పలువురు తలంతురు. నీరును పుట్టును. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండినచో రమారమి ఒక లీటరు నీరు ఆవిరియై వెడలును. దూరప్రయాణమున గొట్టము బాగుగ కాగును గనుక ఆ యావిరి బయటికి పోవును. బజారునకును, దేవాలయమునకును, బడికిని మాత్రమే తిరుగు కారులో గొట్టము కాగకమునుపే ఇంజను ఆగును. ఆవిరి నీరై, పొగలోని ఆమ్లములతో గలిసి, లోపలనే నిలిచి, ఇనుమును లోపలినుండి తినివేయును. పైకి తూటు కనబడునప్పటికి చుట్టునున్న రేకు కాగితమువలె పలుచనై యుండును. హైడ్రోకార్బనుల దహనమును సమీకరణముగా వ్రాసి పూర్తి మార్కులు సంపాదించు బాలుడు, ఆ సమీకరణములోని నీరు ఎక్కడికి బోవుచున్నదని అడుగుట నేనింతవరకు వినలేదు.

ఇంట నేర్చువానికి సైలెన్సరే తగిన పని యని నేననుటకు కారణము కలదు. బ్రేకులు, స్టీరింగు, చాసిస్ మొదలగువానిని అట్టివాడు ముట్టనే కూడదు. అచ్చట అతుకు విడినచో ప్రాణములు పోవును. సైలెన్సరు అతుకు విడినచో అది తన దోషమును తానే వీధి యంతయు వినునట్లు చాటును. అయినను ఇది నిరపాయమని భ్రమపడరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయు లేదు. మన రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దానిని ఇన్నూరు రెట్లకు మించి గట్టిగ పట్టుకొనును. కారు అడుగున తూటు ఉండగా అద్దములు మూసికొని ప్రయాణము చేయుట ఎంతటి మౌఢ్యమో ఇక చెప్పనేల? గుడ్డచుట్టి పైన ముద్ద మెత్తుట మరమ్మతు కాదు.

అపాయము తక్కువైన ఈ పనియే చేతికి మిక్కిలి కష్టమైనది కూడ. ఉక్కు ఇంచుమించు 1500 డిగ్రీల సెంటీగ్రేడువద్ద కరగును. విద్యుజ్జ్వాల వేడిమియో 5000 డిగ్రీలకు పైబడి యుండును. గొట్టపు రేకు ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందము. గేట్లు చేయువారు వాడు 3.15 మిల్లీమీటర్ల రాడ్డును దానిపై ఆనించినచో పాత తూటు పూడదు, క్రొత్త తూటు పడును. రెండు మిల్లీమీటర్ల రాడ్డు, నలువది యేబది ఆంపియర్ల విద్యుత్తు చాలును. ఇంటిలోని పెద్ద ప్లగ్గుకు తగిలించు చిన్న ఇన్వర్టరు యంత్రము ఈ పనికి సరిపోవును. తుప్పుపై ఏ అతుకును నిలువదు. కావున గట్టిరేకు తగులువరకు చెడిన భాగమును కోసివేసి, మెరయునట్లు అరగదీసి, సరియైన ముక్కను అమర్చవలెను. పిమ్మట ఇచ్చట నొక చుక్క, ఎదుటివైపున నొక చుక్క. చల్లారనిచ్చి మరల నొక చుక్క. ఒక్క ఊపున గీత గీయబోవువాని రేకు కరగి కారిపోవును.

1881 ప్రాంతమున బెనార్డోస్ అను రష్యా సామ్రాజ్యపు శిల్పి కర్బనకడ్డీతో విద్యుజ్జ్వాల పుట్టించి లోహములను అతికెను. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో స్వీడను దేశస్థుడు ఆస్కార్ షెల్‌బెరి ఇనుప కడ్డీకి పూత పూసెను. ఆ పూత మండి వాయువై కరగిన లోహమును గాలి సోకకుండ కాచును. మిగిలినది కిట్టమై పైన కప్పును. చల్లారిన పిదప చిన్నసుత్తితో కిట్టమును రాల్చిచూచినచో పనివాని బండారము బయటపడును. లోన బెజ్జములున్నవా, అతుకు రేకులో కలిసినదా, పైపైన అంటుకొన్నదా యని అచ్చటనే తెలియును. ఆ పరీక్షలో సిఫారసు చెల్లదు. శిక్షణకళాశాలలో మాకు చేయుచు నేర్చుట యను సూత్రమును నల్లబల్లపై వ్రాసి బోధించిరి. మేమందరము దానిని శ్రద్ధగా నోటుపుస్తకములలో నెక్కించి కంఠస్థము చేసితిమి!

జాగ్రత్తలను గూర్చి నేను కఠినముగానే చెప్పెదను. ఆ జ్వాలను వట్టికన్నులతో చూచినప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటలు గడచిన పిమ్మట అర్ధరాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. చలువ కళ్లద్దములు చాలవు, వెల్డింగునకై చేసిన నల్లయద్దపు షీల్డు కావలయును. వీధిలో నిలిచి ఆ మెరుపును చోద్యము చూచు పిల్లలను తల్లిదండ్రులు తక్షణమే మరలింపవలెను. నైలాను వస్త్రములు పనికిరావు. గొట్టమును కారునుండి పూర్తిగా విడదీసి దూరముగ, గాలి యాడు చోటనే పని చేయవలెను. పెట్రోలు టాంకు దాపుననే యుండును గదా. ఖాళీ టాంకు నిండు టాంకుకంటె భయంకరమైనది, దాని జోలికి పోనేకూడదు. జస్తుపూత గల రేకు కాలినపుడు లేచు తెల్లని పొగ జ్వరము తెప్పించును. నేర్పువాడు ప్రక్కన లేనిదే విద్యార్థి ఎవ్వడును హోల్డరు పట్టరాదు.

డబ్బు మిగులునను ఆశతో దీనిని మొదలిడువాడు మొదలిడకుండుటయే మేలు. యంత్రము వెలతో వీధి చివరి పనివానిచేత అనేక పర్యాయములు ఆ గొట్టమును అతికించుకొనవచ్చును. మరి పనివాని కూడు తీయుట కాదా యందురు. కానేకాదు. ఒక్క దినము పలుచని రేకుతో పెనుగులాడినవాడు ఆ పనివాని కూలివద్ద మరల బేరమాడడు.

తల్లిదండ్రుల ఆక్షేపణ ఇంతకంటె బరువైనది. మా తాతలు ఎండలో కూలిచేసిరి. మా బిడ్డల చేతికి కలమిచ్చుటకే మిషను బడికి పంపితిమి. మీరు మరల సుత్తి యిత్తురా యని వారనవచ్చును. ఈ మాటను నేను తేలికగ త్రోసివేయజాలను. బలవంతపు కూలినుండి విడుదల పొందిన కుటుంబములు మన సంఘములలో ఎన్నియో కలవు, ఆ విడుదలకు చదువే ద్వారమైనది. కాని వారు తప్పించుకొన్నది పనిచేయుటనుండియా, పనిచేయువానికి జరిగిన అవమానమునుండియా? అవమానమునుండియే యని నేను తలంతును. ఆ యవమానమును మనము విడిచితిమా? ప్రతి క్రిస్మసునకు వడ్రంగి యింట పెరిగిన రక్షకుని గూర్చి ప్రసంగము విందుము. ఇంటికి వచ్చి, గేటు అతుక వచ్చినవానిని ఓరీ యని పిలుతుము. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి జీవించెనని బాలబాలికలు పరీక్షలో చక్కగ వ్రాయుదురు. 1937లో గాంధీమహాత్ముడు వార్ధాలో చేతిపనిని విద్యకు కేంద్రముగ నిలుపుడని చెప్పినపుడును మనబోటి బడిపంతుళ్లు వారానికొక క్రాఫ్టు పీరియడుతో సరిపెట్టుకొనిరి.

కావున నా కోరిక యిది. ఈ వేసవిలో ఊరి వెల్డరు నొకనిని, ఐ.టి.ఐ.లో ఏడాది చదివినవాడైనను సరే, షాపులో నేర్చినవాడైనను సరే, మన బడికి ఉపాధ్యాయునిగా పిలువవలెను. ఆయనకు కుర్చీయును, వేతనమును ఈయవలెను. బాలికలను మినహాయింపరాదు, నిలుకడగల చేయి ఎవరిదైనను రేకునకు ఒక్కటే. మొదటి వారము తుక్కు ఇనుముపైననే సాధన, ప్రతి యతుకును రంపముతో కోసి లోపల చూచుట. పిదపనే గొట్టములు. తల్లిదండ్రులు తమ యింటి పాత సైలెన్సరులను తూకమునకు అమ్మక పంపినచో సంతోషము. కాటలిటిక్ కన్వర్టరు గల భాగమును మాత్రము మెకానిక్కుచేత ముందే తీయించి పంపవలెను. దానిలోని పింగాణి జల్లెడ వేడికిని దెబ్బకును పగులును, మన పిల్లల సాధనకు అది తగినది కాదు.