అలవాటు పడవలసినది ఎవరు?

వేసవి సెలవుల తరువాత బడి తెరిచే వేళ, ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు దొరికే ఓదార్పు ఒక్కటే: "నాలుగు రోజులు ఏడుస్తాడమ్మా, తరువాత వాడే అలవాటు పడతాడు." చెప్పేవారి మనసులో కాఠిన్యం లేకపోవచ్చు. కాని ఆ మాటలో అన్యాయం ఉన్నది. మార్చినది బడి, సర్దుకోవలసినది మాత్రం పసివాడు!

బడి ఏమేమి మారుస్తుందో లెక్కపెట్టండి. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సాధారణంగా ఏప్రిల్ చివరివారంలో మూసిన బడి జూన్ 12న తెరుస్తారు. ఏడు వారాలు ఇంటి క్రమానికి అలవాటుపడిన పిల్లవాడికి ఒకే ఉదయాన గది మారుతుంది, టీచరు మారుతుంది, సెక్షన్లు కలిపి విడదీస్తే పక్కన కూర్చునే నేస్తమూ మారతాడు. ఒంటికి గరుకుగా తగిలే కొత్త యూనిఫారం, మెడవెనుక గీసుకునే లేబులు, కరిచే బూట్లు. ఆపైన ప్రార్థనలో మైకు హోరు, ఉన్నట్టుండి మోగే గంట.

లియో కానర్ 1943లో పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం గురించి రాసిన తొలి వ్యాసంలోనే, చుట్టూ ఉన్నది ఉన్నట్టే ఉండాలన్న వారి తపనను ముఖ్య లక్షణంగా చెప్పాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ కబురు మన బడులకు ఇంకా అందలేదు కాబోలు! చెవులు మూసుకుని బల్లకిందికి దూరిన పిల్లవాడిని మొండివాడంటున్నాము. మొండితనం ఏదో సాధించుకోవడానికి చేసేది. ఇది భరించలేక చేసేది. బెదిరిస్తే పెరుగుతుందే కాని తగ్గదు. వారం తిరిగేసరికి వాడు నోరెత్తకుండా కూర్చుంటే "చూశారా, అలవాటు పడ్డాడు" అని సంబరపడతాము. అలసి ఊరుకోవడం అలవాటు పడడమా? పగలంతా బిగబట్టినది సాయంత్రం ఇంట్లో బద్దలయినప్పుడు, చూసే తల్లికి తెలుసు. ఊరుకోని పిల్లవాడి సంగతి మరీ దారుణం. ఆ మొదటివారపు ప్రవర్తనే సాక్ష్యమవుతుంది. "మీ ఖర్చుతో సహాయకురాలిని పెట్టుకోండి, లేదా టీసీ తీసుకోండి" అనే మాట వస్తుంది.

"నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కడి కోసం ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి?" అని అడుగుతారు. ఏమిటీ "ఇవన్నీ"? బడి తెరవడానికి రెండు రోజుల ముందు, పిల్లలెవరూ లేని వేళ, కొత్త గదీ, కూర్చునే చోటూ, మరుగుదొడ్డీ ఒకసారి చూపించడం. కొత్త టీచరు ఫొటో ఇంటికి పంపడం. రోజులో దేని తరువాత ఏది జరుగుతుందో బొమ్మలతో ఒక అట్టమీద అంటించి, అయిపోయినదానిని తీసేస్తూ పోవడం. గంట కొట్టేముందు ఒక మాట చెప్పడం. మైకుకు దూరంగా నిలబడనివ్వడం. కొన్నాళ్ళు పాత యూనిఫారం వేసుకోనివ్వడం. పాత నేస్తాన్ని పక్కనే ఉంచడం. అవసరమైతే మొదటివారం ఒక పూటే బడి. తట్టుకోలేనప్పుడు వెళ్ళి కూర్చునేందుకు ఒక నిశ్శబ్దమైన మూల. వీటికి నిధులు కావాలా? ఇందులో ఏ పిల్లవాడికి ఏది కావాలో ఇంటివారిని అడిగితే చెబుతారు. దసరా, సంక్రాంతి సెలవుల తరువాత కూడా మళ్ళీ అడగాలి.

"బయటి ప్రపంచం వీడి కోసం మారుతుందా? ఇప్పటినుండే నేర్చుకోవద్దూ?" అనేవారూ ఉన్నారు. నేర్చుకోవాలి, నిజమే. మన ఊళ్ళలో బావిలో ఈత నేర్పేవారు నడుముకు బెండ్లు కట్టి దింపుతారు. చేతనైనకొద్దీ ఒక్కొక్కటే విప్పుతారు. బెండు కట్టినందుకు ఈత రాకుండా పోయినవాడెవడూ లేడు.

ఇది దయాధర్మమూ కాదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 2016 చట్టం దానిని చేర్చింది. ప్రభుత్వ నిధులతో నడిచే బడులే కాక, గుర్తింపు పొందిన ప్రైవేటు బడులు సైతం పిల్లల అవసరాన్నిబట్టి తగిన ఏర్పాట్లు చేసేటట్టు చూసే బాధ్యతను 16వ సెక్షనులో ప్రభుత్వాలమీద ఉంచింది. కాబట్టి తల్లిదండ్రులారా, బతిమాలకండి. పిల్లవాడికి ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాసి, సెలవులు ఇచ్చేముందే బడిలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ కాగితం కోసం మీరే ముందుగా అడగండి. బడి తెరిచిన ఉదయాన గేటు దగ్గర ఆలోచించడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైపోతుంది.