తొక్కలోని తైలము

సూరతు పేరు వినగానే మన పాఠకులకు నిమ్మతోటలు స్ఫురింపవు. సూరతు సీమ మరమగ్గముల సీమ. తెలంగాణమునుండి తరలిపోయిన నేతకుటుంబము లెన్నియో తరతరములుగా అక్కడనే జీవనము సాగించుచున్నవి. మగ్గము నడువవలెనన్న నూనె కావలెను, ఆ నూనె గుడ్డపై పడిన మరకను తీయవలెనన్న ద్రావకము కావలెను. ఆ ద్రావకము పెట్రోలియమునుండియే రానక్కరలేదనియు, మన గూడూరు నిమ్మకాయ తొక్కనుండియు రాగలదనియు మన ప్రభుత్వములకు ఇంకను పట్టకపోవుట నాకు వ్యథ కలిగించుచున్నది.

నిమ్మ, బత్తాయి, నారింజ తొక్కల వెలుపలి రంగుపొరలో సూక్ష్మములైన తైలకోశములు కలవు. తొక్కను దీపమునకు ఎదురుగా నొక్కినప్పుడు చిటపటలాడుచు మెరయు తుంపర ఆ తైలమే. అందు ప్రధానద్రవ్యము లిమొనీను. నారింజతైలమున అది నూటికి 90 పాళ్లకు మించి యుండును, నిమ్మలో కొంత తక్కువ. నీటికంటె తేలికయై, నీట కరుగక, గ్రీజును జిడ్డును కరగించు గుణము దానికి గలదు. థర్మాకోలును సైతము కుంగదీయును. నిమ్మవాసన యని మనము గుర్తించునది మాత్రము స్వల్పాంశమగు సిట్రాలు వలన గలుగునదే.

మనము పండించు నిమ్మజాతినే పండించు మెక్సికో, కాయలను నలిపి ఆవిరిపట్టి తీసిన తైలమును శీతలపానీయముల సువాసనకై లోకమునకు అమ్ముచున్నది. బ్రెజిలు నారింజరసముతోపాటు తొక్కనూనెను కూడ సొమ్ము చేసికొనుచున్నది. మనకో, ధర పతనమైన నెలలలో కోతకూలి కూడ గిట్టక కాయ చెట్టుననే పండి రాలుచున్నది. హైదరాబాదు రసపు దుకాణములలో బత్తాయి తొక్క చెత్తబండి నెక్కుచున్నది.

ఇంతగా మెచ్చుకొనుచున్న నేనే ఒక హెచ్చరికయు చేయవలసి యున్నది. ఈ తైలమును సర్వరోగనివారిణిగా సీసాలలో నింపి అమ్మువారు ప్రజలను వంచించుచున్నారు. 1747లో జేమ్స్ లిండ్ నావికుల స్కర్వీవ్యాధిని నయము చేసినది నిమ్మ, నారింజ పండ్లతోనే గాని తైలముతో గాదు. విటమిను సి రసమునందుండును, నూనెలో నుండదు. అదియు గాక, ఆవిరిపట్టక పిండి తీసిన నిమ్మతైలమును చర్మమునకు రాచుకొని ఎండలో తిరిగినచో బొబ్బలెక్కును. గాలి తగిలి పాతబడిన నూనె దురద పుట్టించును. నిప్పు సులభముగా నంటుకొనును గనుక పొయ్యికి దూరముగ నుంచవలెను. పిల్లలకును, ఇంటి పిల్లులకును అసలే అందనీయరాదు.

నూరు కిలోల కాయలకు అరకిలో తైలము దొరకుటయు గగనమే. కావున ఒంటరి రైతు బట్టీ పెట్టుకొనిన నష్టపోవును. రసమును, ఊరగాయలను తయారుచేయు కర్మాగారముల ప్రక్కనో, గూడూరు, పొదలకూరు, తెనాలి మార్కెట్లలోనో రైతుసంఘములు ఉమ్మడిగా నెలకొల్పినచోనే గిట్టుబాటగును. గజ్జితెగులును తట్టుకొను బాలాజీ నిమ్మను మన కందించిన పరిశోధకులకు, ఏ నెల కాయలో ఎంత తైలమున్నదో తేల్చిచెప్పుట కష్టము గాదు. వారి నడుగవలసిన బాధ్యత వ్యవసాయశాఖది. నూనె తీయగా మిగిలిన తొక్కలో పెక్టిను కూడ నున్నది, ఆ లెక్కయు ఇందులోనే చేర్చి చూడవలెను.