బండి చుట్టూ తిరిగితే ఏదో ఒకటి దొరుకుతుంది

సెలవులకు ఇంటికి వచ్చిన రోజు ఖరగ్‌పూర్ స్టేషన్ బయట మా బాబాయ్ ఆటో ఎక్కాను. రాత్రి ఎనిమిదిన్నర అయింది. మా సెటిల్‌మెంట్‌కి వెళ్లే దారిలో ఒకచోట బండి ఆపారు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, పర్మిట్ అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతాడు బాబాయ్. కవరు తీసి ఇచ్చాడు. వాటిలో ఏ లోపమూ దొరకలేదు. అప్పుడు ఆపిన మనిషి టార్చి వేసి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. హెడ్‌లైటు వెలుగుతోంది, ఇండికేటర్లు పనిచేస్తున్నాయి, బ్రేకు లైటు బాగుంది. వెనక్కి వెళ్లి ఆగాడు. నంబర్ ప్లేటు మీద పడాల్సిన చిన్న లైటు వెలగడం లేదు.

ఆ బల్బు ఎప్పుడు మాడిపోయిందో బాబాయ్‌కి తెలీదు. నడిపేవాడు ముందు కూర్చుంటాడు, బల్బు వెనక ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆటో నడుపుతున్నా, అది వెలగకపోతే నేరమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పేరు అడిగారు, చెప్పాడు. ఎక్కడుంటావని అడిగారు. మా బస్తీ పేరు చెప్పాడు. ఈ ఊళ్లో బస్తీ పేరు చెబితే ఇంక కులం పేరు విడిగా చెప్పాల్సిన పని ఉండదు. అప్పటిదాకా హిందీలో సాగుతున్న మాట బెంగాలీలోకి, ‘తుయ్’లోకి దిగింది. తుయ్ అంటే మన నువ్వు కన్నా ఇంకో మెట్టు కింద, ‘ఒరేయ్’కి దగ్గరగా ఉండే మాట. బాబాయ్‌కి యాభై రెండేళ్లు.

నేను దిగాను. యూనివర్సిటీ ఐడీ కార్డు తీసి చూపించి, ఇది ఏ సెక్షన్ కింద రాస్తున్నారో చెప్పమని ఇంగ్లిష్‌లో అడిగాను. ‘తుయ్’ కాస్తా ‘ఆప్ని’ అయింది. రీసెర్చ్ స్కాలరా, ఏ సబ్జెక్టు, అని పలకరించారు. రేపు బల్బు వేయించమని చెప్పి పంపేశారు. చలానా లేదు.

నేను గెలిచాననే అనుకున్నాను. బాబాయ్ మాత్రం ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. బండి ఆపాక అన్నాడు: “సదువుకున్నోడివి పక్కనున్నావని ఒగ్గేసినారు. రేపు నువ్వుండవు కదరా. మన బండి సుట్టూ తిరిగితే ఏదో ఒకటి దొరక్క మానదు.”

ఆ మాటే ఈ వ్యాసం రాయించింది.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లో వచ్చింది. అందులో 105వ నియమం ప్రకారం సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి సూర్యోదయానికి ముందు అరగంట దాకా బండి లైట్లు వెలగాలి. ముందు లైటు 155 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని స్పష్టంగా చూపించాలి. వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరానికి కనిపించాలి. వెనక నంబర్ 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా దాని మీద తెల్ల లైటు పడాలి. 106వ నియమం ప్రకారం 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. 108వ నియమం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, ముందు వైపు ఎర్ర లైటు, వెనక వైపు ఎరుపు కాని లైటు ఉండకూడదు. వీటికి తోడు 2017 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బైకులకు హెడ్‌లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి, వాటికి ఆర్పే స్విచ్చే ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలీదు కాబట్టే, ఎదురొచ్చేవాళ్లు ఈనాటికీ అరచేయి మూసి తెరిచి “లైటు ఆపు” అని సైగ చేస్తుంటారు.

ఇక జరిమానా. 2019 సవరణ తర్వాత, లైటు లోపాన్ని మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద రాస్తే మొదటిసారి 500 రూపాయల దాకా, మళ్లీ దొరికితే 1,500 దాకా. బండికి అనుమతి లేని మార్పు చేశావని 182ఏ కింద రాస్తే ఒక్కో మార్పుకి 5,000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు భద్రతా ప్రమాణాలను ఉల్లంఘించావని 190(2) కింద రాస్తే 10,000 దాకా, జైలు మూడు నెలల దాకా. చీకటి రోడ్డు మీద గొయ్యి కనబడక ఆటోవాలా అదనంగా ఒక ఎల్‌ఈడీ లైటు బిగించుకుంటే అది ఏ సెక్షన్ కిందకి వస్తుంది? రోడ్డు పక్కన నిలబడి ఆ నిర్ణయం చేసేది ఒక్కరే. అయిదు వందలకీ పదివేలకీ మధ్య ఉన్న దూరమంతా ఆ ఒక్కరి చేతిలో ఉంటుంది.

దేశంలో ఎన్ని బండ్లు ఈ నియమాలన్నిటికీ నిలబడతాయి? అపార్టుమెంటు సెల్లార్లో నిద్రపోయే కార్లలో కూడా ఏదో ఒక బల్బు మాడిపోయి ఉంటుంది. అందరూ ఎంతో కొంత తప్పులో ఉన్నప్పుడు, ఎవరు తప్పు చేశారన్నది నియమం తేల్చలేదు. ఎవరి బండి చుట్టూ తిరగాలన్నది ముందు నిర్ణయమవుతుంది, నియమం తర్వాత దొరుకుతుంది. ఆ రాత్రి మమ్మల్ని నిలబెట్టినంత సేపట్లో, ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మేంత తెల్లటి లైట్లతో మూడు పెద్ద కార్లు వెళ్లాయి. 106వ నియమం వాటిని ఆపలేదు.

మమ్మల్ని ఆపిన మనిషి కులం నాకు తెలీదు. ఆయన మనవాడే కావచ్చు. పన్నెండు గంటలు పొగలో నిలబడి ఉద్యోగం చేసే మనిషి మీద నాకు కోపం లేదు. నా ప్రశ్న ఆ అధికారం తయారైన తీరు మీద. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది ఇదే: రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండా, కేవలం పరిపాలన తీరును మార్చి దాన్ని వక్రీకరించవచ్చునని. 14వ అధికరణం పుస్తకంలో భద్రంగానే ఉంది. అది రోడ్డు మీదకి వచ్చేసరికి ఏమవుతుందో చూడటానికి మాడిపోయిన బల్బు చాలు.

ఈ దేశంలో లైటు ఎప్పుడూ హోదా గుర్తే. మొన్నమొన్నటిదాకా బుగ్గ కారు అంటే ఏమిటో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎర్ర బుగ్గల విచ్చలవిడి వాడకాన్ని సుప్రీంకోర్టు 2013 డిసెంబర్ 10న తప్పుపట్టింది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద కూడా అవి పోయాయి. పెద్దల నెత్తి మీద లైటు తీయించడానికి సుప్రీంకోర్టు, కేంద్ర మంత్రివర్గం దిగిరావాల్సి వచ్చింది. మా బాబాయ్ బండి వెనక లైటు లేదని చెప్పడానికి ఒక టార్చి చాలింది.

రోడ్డుకూ కులానికీ ఉన్న సంబంధం గురించి బాబాసాహెబ్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు. 1929లో, అంటరానివారి సమస్యలు విచారించడానికి బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా ఉన్న రోజుల్లో, ఆయన చాలీస్‌గావ్‌లో రైలు దిగారు. మహర్ మనిషిని ఎక్కించుకుని నడపడానికి టాంగావాలాలు ఒప్పుకోలేదు. చివరికి టాంగా అద్దెకిచ్చారు, దాన్ని తోలడానికి మాత్రం రాలేదు. తోలడం రాని తనవాడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర ప్రమాదం జరిగి ఆయన కాలు విరిగింది. విదేశీ డాక్టరేట్లు, బారిస్టర్ పట్టా ఏవీ ఆయనకు టాంగా ఎక్కే వీసా ఇవ్వలేకపోయాయి. నా ప్లాస్టిక్ ఐడీ కార్డు నాకు ఒక్క రాత్రికి వీసా ఇచ్చింది. దాంతో మురిసిపోయినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. చదువుకున్నవాడు పక్కనుంటే దొరికే మినహాయింపు, పక్కన ఎవరూ లేనివాడికి హక్కు అయిపోదు.

ఈ బాధ మనది మాత్రమే కాదు. 2016 జూలై 6న అమెరికాలోని మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతి యువకుడి కారు ఆపిన పోలీసు, బ్రేకు లైటు పనిచేయడం లేదని చెప్పాడు. నిమిషం తిరిగేలోపు కాస్టిల్‌ను కాల్చాడు. కారులో నాలుగేళ్ల పాప ఉంది. కాస్టిల్ బడిలో పిల్లలకు భోజనం పెట్టే ఉద్యోగి. చిన్నచిన్న కారణాలతో అంతకుముందు ఆయన్ని కనీసం 46 సార్లు ఆపారని పాత్రికేయులు రికార్డులు తిరగేసి తేల్చారు. కాల్చిన పోలీసును 2017లో జ్యూరీ నిర్దోషి అంది.

దీనికి రెండేళ్ల ముందు, 2014 డిసెంబర్‌లో, ‘హీన్ వర్సెస్ నార్త్ కరోలినా’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. రెండు బ్రేకు లైట్లలో ఒకటి వెలగడం లేదని కారు ఆపారు. తీరా చూస్తే ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఒక్కటి వెలిగినా చాలని అక్కడి కోర్టు చెప్పింది. అయినా పోలీసు చట్టాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం సహేతుకమే కాబట్టి ఆపడం చెల్లుతుందని సుప్రీంకోర్టులో ఎనిమిది మంది జడ్జీలు అన్నారు. సోనియా సోటోమాయర్ ఒక్కరే కాదన్నారు. చట్టం తెలీదంటే బండి నడిపేవాడికి క్షమాపణ లేదు, బండి ఆపేవాడికి ఉంది. మా బాబాయ్ ఈ తీర్పు చదవకుండానే దాని సారం చెప్పాడు.

అయితే అక్కడ ఉద్యమం ఊరుకోలేదు. 2021 మార్చి నుంచి వర్జీనియాలో నంబర్ ప్లేటు లైటు లేదన్న ఒక్క కారణంతో బండి ఆపకూడదు. 2022లో ఫిలడెల్ఫియా నగరం కూడా అలాంటి చిన్న లోపాల కోసం బండ్లు ఆపడాన్ని నిలిపేసింది.

మన దగ్గర ఆపడం చావు దాకా వెళ్లదని ధీమాగా ఉండలేం. 2020 జూలైలో ప్రకాశం జిల్లా చీరాలలో మాస్కు లేదని బైకు ఆపిన ఘటనలో కిరణ్ కుమార్ అనే దళిత యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పోలీసులు కొట్టారని కుటుంబం అంది, జీపులోంచి దూకాడని పోలీసులు అన్నారు. ఏది నిజమైనా మొదలైంది మాత్రం ఒక చిన్న నియమంతోనే.

ఇక్కడ మిత్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. లైట్లు లేకపోతే ప్రమాదాలు జరగవా? జరుగుతాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లే. అంటే చచ్చిపోతున్నది కూడా ఎక్కువగా మనలాంటివాళ్లే. లైటు వెలగాలని అందరికన్నా గట్టిగా కోరుకోవాల్సింది మనమే. నేను అడుగుతున్నది, జరిమానా వేస్తే బల్బు వెలుగుతుందా అని. ఆ రోజు సంపాదన చలానాకి పోతే, మర్నాడు ఆటోవాలా బల్బు మార్పించే పని వాయిదా వేస్తాడు.

లైటు విలువ రైలు ఊరివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. నాన్నకీ రైల్వేలోనే పని దొరికింది. బాబాయ్ వంతు వచ్చేసరికి ఉద్యోగాలు తగ్గిపోయాయి, అప్పు చేసి ఆటో కొన్నాడు. బండి చివర వెలిగే ఎర్ర దీపం చూస్తేనే రైలు తెగిపోకుండా మొత్తం వెళ్లిందని నమ్మకమని నాన్న మాకు చిన్నప్పుడే చెప్పాడు. అంత ముఖ్యమైన చోట కూడా, దారిలో ఇంజన్ హెడ్‌లైటు పోతే రైలును నిలబెట్టి డ్రైవర్ జేబు తడమరు. వేగం తగ్గించి నడపమంటారు, లోపాన్ని పుస్తకంలో రాస్తారు, బాగు చేయిస్తారు. ప్రాణాలకు సంబంధించిన వ్యవస్థ అలాగే పనిచేయాలి. రైలు పట్టాల మీద ఉన్న ఈ ఇంగితం తారు రోడ్డు మీదకి ఎందుకు రాదు?

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. లైటు లోపానికి మొదటిసారి జరిమానా బదులు రిపేరు చీటీ ఇవ్వాలి. వారంలో బాగు చేయించి చూపిస్తే అక్కడితో సరి. చలానా రాస్తే ఏ నియమం, ఏ సెక్షన్ అన్నది బండివాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. మా బాబాయ్ ఫోన్లో ఉన్న పాత చలానా మెసేజుల్లో మాత్రం ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇక మూడోది, ఎవరిని ఆపారో లెక్క ఉండాలి. ఖైదీల్లో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు అని ఎన్‌సీఆర్‌బీ ఏటా జైలు గణాంకాల్లో అచ్చు వేస్తుంది. చలానాలో మాత్రం ఆ గడి లేదు. జైలు గేటు దగ్గర లెక్కకొచ్చే కులాన్ని రోడ్డు మీదే లెక్కపెట్టాలి. క్యాంపస్‌లలో కూర్చుని డేటా లేదని ఫుట్‌నోట్ రాసే మనలాంటి స్కాలర్లు, కనీసం తమ బస్తీలో పదిమంది డ్రైవర్ల చలానాలు ముందేసుకుని చదవడంతో మొదలుపెట్టవచ్చు. నేను మొదలుపెట్టాను.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ కొత్త బల్బు వేయించాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం బండి తీసే ముందు వెనక్కి వెళ్లి, వంగి, అది వెలుగుతోందో లేదో చూసుకుంటాడు. వెలుగుతూనే ఉంది. అయినా చొక్కా పై జేబులో ఒక 500 నోటు విడిగా మడిచి పెట్టుకునే బయలుదేరతాడు.