గ్రంథపాలకుని సొంతమాట

విజయవాడ నగరానికి తూర్పు దిక్కున జవహర్ ఆటోనగర్ ఉన్నది. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బాగుచేసేవారు, లేత్ మిషన్లపై ఇనుమును చెక్కేవారు, కమాను పట్టీలు బిగించేవారు, రంగులు వేసేవారు, విడిభాగాలు అమ్మేవారు అక్కడ పక్కపక్కనే పనిచేస్తుంటారు. అక్కడికి వచ్చిన లారీ యజమాని దుకాణం పైనున్న బోర్డును మాత్రమే నమ్మి వస్తువు కొనడు. తనకు తెలిసిన మెకానిక్కు వద్దకు వెళ్లి, “మేస్త్రీ, ఏ బేరింగు వేయమంటావు?” అని అడుగుతాడు. మేస్త్రీ చేతులు తుడుచుకొంటూ, “నేనైతే ఇది వేస్తానండీ” అంటాడు. ఎందుకో కూడా చెబుతాడు. ఆ ఒక్క మాట వెనుక ఎన్నో ఏళ్ల అనుభవం ఉంటుంది. అందుకే ఆ మాటకు అంత విలువ.

“నేనైతే ఇది చదువుతాను” అనే మాట మన పౌర గ్రంథాలయాలలో ఎందుకు అంత అరుదుగా వినిపిస్తుంది? పాఠకుడు లోపలికి వస్తాడు. దినపత్రిక తిరగవేస్తాడు. పోటీ పరీక్షల పుస్తకం కావలసినవాడు దానిని తీసుకొని కూర్చుంటాడు. మిగిలిన బీరువాల వైపు చూసి, ఏది తీయాలో తెలియక వెనుదిరిగేవారు ఎందరో! పుస్తకాల నడుమనే పగలంతా గడిపే గ్రంథపాలకుడు మాత్రం పద్దు పుస్తకంలో సంఖ్యలు వేసుకొంటూ మౌనంగా ఉంటాడు. ఆ మౌనం వీడాలని, గ్రంథాలయ సిబ్బంది తమకు నచ్చిన పుస్తకాలను, తమకు ఆసక్తి గల విషయాలను తమ పేరుతోనే పాఠకుల ముందు ఉంచాలని నా అభిప్రాయం.

ఇది కొత్త కోరిక కాదు. తెలుగుదేశంలో గ్రంథాలయోద్యమం పుట్టినదే ఇటువంటి సొంతమాటతో. విజయవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914 ఏప్రిల్‌లో ఆ నగరంలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగింది. ఆ సభకు వెన్నెముకగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య గ్రంథాలయమే తన జీవితమని భావించి ఊరూరా తిరిగారు. 1972లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. పుస్తకం తనంతట తాను పాఠకుని వద్దకు నడిచిపోదు. దానిని ప్రేమించిన మనిషి ఒకడు వెంట నడవాలి. ఆనాటి కార్యకర్తలు చేసింది ఈ పనియే.

కృష్ణా డెల్టాలో ఈ నడక నీటిమీద కూడా సాగింది. ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు పొలాలకు నీటిని, పడవలకు దారిని ఇచ్చాయి. 1935లో పాతూరి నాగభూషణం ఆ దారినే గ్రంథాలయానికి ఉపయోగించారు. కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య కాలువపై పుస్తకాల పడవ నడిచింది. ధాన్యం బస్తాలు సాగిపోయే నీటిమీద పుస్తకాలు కూడా సాగిపోయాయి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పడవలో ఎన్నో పుస్తకాలు పట్టవు. ఏది ఎక్కించాలి, ఏది ఒడ్డున వదలాలి అని ఎవరో ఒకరు నిర్ణయించక తప్పదు. ఆ నిర్ణయమే ఒక సిఫారసు. కాలువగట్టున నిలబడిన రైతుకు పడవలోని మనిషి ఒక పుస్తకం అందించినాడంటే, “ఇది నీకు పనికివస్తుందని నాకు తోచింది” అని చెప్పినట్లే.

విచిత్రమేమంటే, అదే 1935లో ఖండాల కవతల అమెరికాలోని కెంటకీ కొండలలో గుర్రాలపై గ్రంథాలయాలు బయలుదేరాయి. ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ ఉపాధి పథకంలో భాగంగా, స్త్రీలు గుర్రాలపైనా కంచరగాడిదలపైనా పుస్తకాల సంచులు వేసుకొని, వాగులు దాటి ఒంటరి ఇళ్లకు చేరేవారు. పుస్తకాలు చాలనప్పుడు వారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పాత పత్రికల నుండి వంటల విధానాలను, బొంతలు కుట్టే నమూనాలను కత్తిరించి, అంటించి, సొంతంగా పుస్తకాలు తయారుచేశారు. ఇంటింటా తిరిగే గ్రంథపాలకురాలు ఒక ఇల్లాలి నేర్పును మరొక ఇల్లాలికి చేర్చింది. ప్రజల అభిరుచి, సిబ్బంది అభిరుచి కలిసిన చోట గ్రంథాలయం జీవిస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో రెండు ఇక్కడ స్మరింపదగినవి. ప్రతి పాఠకునికీ తగిన పుస్తకం ఉంటుందని ఒకటి, ప్రతి పుస్తకానికీ తగిన పాఠకుడు ఉంటాడని మరొకటి. ఈ రెండింటినీ కలిపేది ఎవరు? వర్గీకరణ సంఖ్య పుస్తకం ఉన్న చోటును చూపగలదు. పాఠకుని ముఖం చూసి, అతని మాట విని, “ఇది నీది” అని చెప్పగలిగినవాడు మనిషి మాత్రమే.

దీనికి నా జీవితంలోనే ఒక చిన్న నిదర్శనం ఉన్నది. నేను కళాశాలలో చేరిన కొత్తలో డెల్టాలోని ఒక శాఖా గ్రంథాలయానికి తరచుగా వెళ్లేవాడిని. అక్కడి గ్రంథపాలకురాలికి విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ప్రాణం. ఆ బృహన్నవలను నా చేతిలో పెట్టారు. పదిహేను రోజులకు సిగ్గుపడుతూ తిరిగి ఇచ్చాను. “నాకు సాగలేదండీ, అమ్మగారూ” అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. “నాకు ఇష్టమైనది నీకూ ఇష్టం కావాలని లేదు బాబూ. ఎక్కడ ఆగిపోయావో చెప్పు. తరువాతిది ఆలోచిద్దాం” అన్నారు. చెప్పాను. మాటలలో మాటగా, నేను కోరుకొన్న చదువు మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదన్న సంగతి కూడా బయటపడింది. ఆమె లేచి వెళ్లి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ తెచ్చి ఇచ్చారు. సంస్కృతాన్ని, వేదవిద్యను తప్ప మరొక చదువును మెచ్చని కుటుంబంలో పుట్టి, తెలుగు రచనను కోరి వరించిన మనిషి కథ అది. ఆ రాత్రి నేను దీపం ఆర్పలేదు. మొదటి సిఫారసు తప్పిపోయినందువల్లనే రెండవది సరిగ్గా తగిలిందని నాకు ఆ తరువాత అర్థమైంది. సిఫారసు ఆజ్ఞ కాదు. అది ఒక సంభాషణకు ఆరంభం.

ఈ అభిప్రాయానికి ఎదురుచెప్పేవారు లేకపోలేదు. వారి మాటలు కొట్టిపారవేయదగినవి కావు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నారు. అందరి సొమ్ముతో నడిచే సంస్థలో ఒక ఉద్యోగి తన ఇష్టాన్ని అందరిమీదా రుద్దవచ్చునా? తన మతాన్నో, తన పార్టీనో, తన కులపు గొప్పనో పుస్తకాల ముసుగులో ప్రచారం చేస్తే ఎవరు అడ్డుకొంటారు? ఇది న్యాయమైన భయమే.

కాని భయానికి మందు మౌనం కాదు, నియమం. సిఫారసు చేయడం వేరు, అడ్డుకోవడం వేరు. తనకు నచ్చని పుస్తకాన్ని దాచిపెట్టే హక్కు గ్రంథపాలకునికి లేదు. తనకు నచ్చిన వాటినే కొనిపించే హక్కూ లేదు. కొనుగోలు అందరి అవసరాలను బట్టి జరగాలి. సిఫారసు మాత్రం సిబ్బంది పేరుతో, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలతో, అందరికీ కనిపించే బోర్డు మీద ఉండాలి. దాని పక్కనే పాఠకుడు తన అసమ్మతిని రాయడానికి చోటు ఉండాలి. నిజానికి మౌనంగా ఉన్న గ్రంథపాలకునికి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఏ పుస్తకాన్ని కంటికెదురుగా పెట్టాలి, దేనిని పై అరలోకి నెట్టాలి అన్న చోట అవి పనిచేస్తూనే ఉంటాయి. పేరు పెట్టి చెప్పిన ఇష్టాన్ని ప్రశ్నించవచ్చు. పేరులేని ఇష్టాన్ని ప్రశ్నించడం ఎలా?

రెండవ ఆక్షేపణ పనిభారం గురించి. చాలా శాఖా గ్రంథాలయాలలో తలుపు తీసేదీ, పత్రికలు సర్దేదీ, పద్దులు రాసేదీ ఒక్కరే. వారిపై మరొక బరువు మోపవచ్చునా? బరువుగా మారే పని అడగకూడదు. వారానికి ఒక చీటీ చాలు. అందులోనూ సాహిత్యమే ఉండాలని నియమం లేదు. ఒకరికి పెరటి మొక్కలంటే మక్కువ కావచ్చు. మరొకరికి పాత సినిమా పాటలు, ఇంకొకరికి క్రికెట్, వేరొకరికి ఊరగాయలు, రేడియో మరమ్మతు, నాటకాలు ఇష్టం కావచ్చు. తనకు ఇష్టమైన విషయం గురించి రెండు మాటలు రాయడం శ్రమ అనిపించదు. పద్దులలో సంఖ్యగా మిగిలిపోయిన ఉద్యోగికి అది తన ఉద్యోగం మీద గౌరవాన్ని కూడా కలిగిస్తుంది.

“చేతిలో ఫోను ఉండగా గ్రంథపాలకుని సలహా దేనికి?” అనేవారూ ఉన్నారు. ఫోను నిన్న మనం చూసినదానిని బట్టి నేడు అటువంటిదే మరొకటి చూపిస్తుంది. నిన్న ఏమీ చదవని కుర్రవానికి అది చూపే పుస్తకం ఏది? ఏడవ తరగతిలో బడి మానిన పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కొంటూ చదువుతాడని, పెద్ద పుస్తకం చూస్తే బెదురుతాడని దానికి తెలియదు. “ఎందుకు చదవమన్నావు?” అని అడిగితే ఫోను మన కన్నులలోకి చూసి జవాబు చెప్పదు. మరునాడు తిరిగి వెళ్లి “నీ మాట నమ్మి మోసపోయాను” అని పోట్లాడడానికి అక్కడ మనిషి ఉండడు.

ఇప్పుడు మళ్లీ ఆటోనగర్ వద్దకు వద్దాం. క్యూబా రాజధాని హవానాలో చుట్టల కార్మికులు 1865లో ఒక ఆచారాన్ని ప్రారంభించారు. తమ కూలి నుండి తలా కొంత వేసుకొని ఒక చదువరిని నియమించుకొన్నారు. వారు పొగాకు చుట్టుతుంటే, అతడు ఎత్తైన పీట మీద కూర్చొని పత్రికలు, నవలలు బిగ్గరగా చదివి వినిపించేవాడు. ఫ్రెంచి రచయిత డ్యూమా రాసిన ‘కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’ వారికి ఎంతో ఇష్టమైన నవల. 1935లో వచ్చిన ఒక చుట్టల రకానికి ఆ పేరే పెట్టారు.

ఆటోనగర్‌లో సుత్తిదెబ్బల మధ్య బిగ్గరగా చదవడం కుదరదు. లేత్ మిషను ముందున్నవాని చెవి, కన్ను పనిమీదనే ఉండాలి. కాని మధ్యాహ్నం క్యారియరు విప్పే వేళ ఉన్నది. సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడే వేళ ఉన్నది. నగరంలోని ఏ శాఖా గ్రంథాలయమైనా ఒక చిన్న పుస్తకాల పెట్టెను, దాని మూతమీద సిబ్బంది చేతిరాతతో నాలుగు చీటీలను అక్కడికి పంపగలదు. ఒకప్పటి పడవ చేసిన పనిని నేడు ఒక ఆటో చేయగలదు. కార్మికుడు తిరిగి ఇచ్చేటప్పుడు తన చీటీని కూడా చేర్చవచ్చు. వెల్డింగు పనివానికి ఏ కథ నచ్చిందో, శ్రమజీవుల పక్షాన నిలిచిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ నిజంగా శ్రమించే మనిషికి ఎలా వినిపించిందో తెలుసుకోవడం గ్రంథాలయానికే ఒక చదువు. ఇంజను గురించి కుర్రవాళ్లకు తేట తెలుగులో చెప్పే పుస్తకం ఏదో గ్రంథపాలకుని కంటె మేస్త్రీకే బాగా తెలుసు. అప్పుడు సిఫారసు రెండు వైపుల నుండి నడుస్తుంది.

దీనివల్ల ఒక్క రోజులో అందరూ పాఠకులవుతారని నేను అనను. పెట్టె తెరవకుండానే తిరిగి రావచ్చు. చీటీలపై నూనె మరకలు మాత్రమే మిగలవచ్చు. అయినా ఒక పిల్లవాడు ఒక పుస్తకం దగ్గర ఆగితే చాలును. చిన్న వయసులోనే పనిలో చేరి, తనకు చదువుతో రుణం తీరిపోయిందని అనుకొన్నవానికి, తీరలేదని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి ప్రజల పన్నుతో నడిచే సంస్థలో కూర్చొని ఉన్నాడు. అతనిని మాట్లాడనివ్వాలి.

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. దండలు, ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీలు ఉంటాయి. ఈసారి ఆ వారంలో మీరు మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. పుస్తకం అడగకముందు గ్రంథపాలకుని ఒక ప్రశ్న అడగండి: “అయ్యా, ఈ మధ్య మీరు ఏమి చదివారు? మీకు ఏమి నచ్చింది?” ఇంతవరకు ఎవరూ అడగనందువల్ల ఆయన కొంత తడబడవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. తరువాత ఆయన లేచి ఏ బీరువా వైపు నడుస్తారో, వెంట వెళ్లండి.