కట్టినవారెవరు? కట్టించినవారెవరు?

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. "కట్టించెను" అన్న క్రియ కనబడితే నా చూపు అక్కడే నిలిచిపోతుంది. ప్రేరణార్థకంతో వచ్చిన చిక్కేమిటంటే, పని చేసినవాడు తరచుగా వాక్యంలోంచి జారిపోతాడు. "రాజు చెరువు త్రవ్వించెను" అంటాము. గునపం పట్టినవాని ఊసే ఉండదు. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో "రోజెన్‌వాల్డ్ బడులు" అనే పేరు కూడ ఇటువంటిదేనని నా వాదన.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు వసతులుండవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1896లో సమ్మతించింది. వేరుగా ఉంచడమైతే ఉంచారు గాని, సమానంగా మాత్రం చూడలేదు. పల్లెల్లో నల్లపిల్లలకు ఏ చర్చిలోనో, పాడుబడిన పాకలోనో చదువు సాగేది. 1912లో టస్కీగీ విద్యాలయాధిపతి బుకర్ టి. వాషింగ్టన్ కోరికపై, సియర్స్ రోబక్ సంస్థ అధిపతి జూలియస్ రోజెన్‌వాల్డ్ అలబామాలో ఆరు చిన్న బడులకు సొమ్మిచ్చాడు. 1932 నాటికి 15 రాష్ట్రాలలో 4,977 బడులు లేచాయి. ఉపాధ్యాయుల ఇళ్ళు, పనిశాలలు కలుపుకొంటే 5,357 కట్టడాలు.

ఇక లెక్క చూడండి. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో ప్రభుత్వ ధనం 1 కోటి 81 లక్షలు. రోజెన్‌వాల్డ్ పక్షాన వచ్చినది 43 లక్షల 66 వేలు. స్థానిక శ్వేతజాతీయుల చందా 12 లక్షల పైచిలుకు. నల్లజాతివారు ఇచ్చినది 47 లక్షల 25 వేలు! పేరు గలవాని వాటా కంటె పేరు లేనివారి వాటాయే ఎక్కువ.

వారేమన్నా శ్రీమంతులా? చాలామంది పరుల భూమిని పాలికి చేసుకొనే పేదలు. బడి కోసమని ఒక చెక్క ప్రత్తి వేరుగా వేసి, ఆ పంట సొమ్ము ఇచ్చారు. కోళ్ళను పెంచి అమ్మారు. భోజనాల పొట్లాలు వేలం వేసి కాసులు కూడబెట్టారు. డబ్బు లేనివారు కలప తోలారు, ఒళ్ళు వంచి పని చేశారు. తొలినాటి నమూనా పటాలు గీసిన రాబర్ట్ టేలర్ కూడ టస్కీగీలోని నల్లజాతి వాస్తుశిల్పియే. విద్యుత్తు లేని పల్లెలు గనుక, వెలుతురు కోసం బారులు తీర్చిన పెద్ద కిటికీలు ఆ పటాలలో ఉంటాయి. చదువు చెప్పినవాణ్ణి కదా, ఆ కిటికీల బొమ్మలు ఎంతసేపు చూసినా నాకు తనివి తీరలేదు.

ఇంకొక సంగతి. ఈ జనం పన్నులు కట్టనివారు కారు. వారు కట్టిన పన్నులో సింహభాగం తెల్లపిల్లల బడులకు పోయేది. తమ పిల్లల బడికి మళ్ళీ చందా వేసుకోవలసి వచ్చేది. జేమ్స్ ఆండర్సన్ అనే చరిత్రకారుడు 1988లో వెలువరించిన గ్రంథంలో దీనిని రెట్టింపు పన్ను అన్నాడు. అంతకంటె సరియైన మాట నాకు దొరకలేదు. పైగా నియమమొకటి: కట్టిన బడిని, స్థలాన్ని ప్రభుత్వ విద్యాశాఖ పేర వ్రాసి ఇవ్వాలి. 1954 తీర్పు తరువాత బడులను కలిపేటప్పుడు మూతపడినవి ఎక్కువగా ఇవే. వీటిలోని నల్లజాతి ఉపాధ్యాయులు వేలాదిగా కొలువులు పోగొట్టుకొన్నారు.

"ఆ మహానుభావుడు చెయ్యి వేయకపోతే అధికారులు కదిలేవారా?" అని అడుగుతారు. కదిలేవారు కారు. నేనూ ఒప్పుకుంటాను. తన మరణానంతరం 25 ఏళ్ళలో నిధి మొత్తం ఖర్చయిపోవాలని శాసించినవాడు సామాన్య దాత కాడు. ఆయన నిధి 1948లోనే ముగిసింది. కాని చికాగోనుండి పైకం వస్తే తప్ప సొంత పన్నుదారుల పిల్లలకు గోడ లేపని ప్రభుత్వాన్ని ఏమనాలి? దాతృత్వపు కథ చెప్పినప్పుడల్లా ఆ ప్రశ్న మరుగున పడుతోంది. నా కోపమంతా అందుకే.

మిగిలినవి ఇప్పుడు సుమారు 500 అంటారు. వీటి స్మారకంగా జాతీయ ఉద్యానం ఏర్పరచవచ్చునేమో పరిశీలించమని అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం 2021 జనవరిలో అమలులోకి వచ్చింది. చట్టం పేరు "జూలియస్ రోజెన్‌వాల్డ్ అండ్ ద రోజెన్‌వాల్డ్ స్కూల్స్ యాక్ట్". ఆయన పేరు రెండు మార్లు! ప్రత్తి అమ్మి ఇచ్చినవారిని సూచించే మాట ఒక్కటైనా ఆ శీర్షికలో లేదు.

విభేదించే మిత్రులు నిస్సంకోచంగా వ్రాయండి. లెక్కలతో రండి, లెక్కలతోనే బదులిస్తాను.