అరగంట ఎవరిది?

మొన్న పామర్రు పఠనాలయములో ఒక వాదము నడచినది. గన్నవరమున విమానమెక్కినచో మధురపూడిలో అరగంటకు దిగి రాజమహేంద్రవరము చేరవచ్చుననియు, దగ్గరి ఊళ్ళ నడుమ నిట్టి విమానములు నడచిననే గాని డెల్టా బాగుపడదనియు ఒక మిత్రుడు వాదించెను. వినువారు తలలూపిరి, లెక్క యడిగినవారు లేరు. న్యాయస్థానములో నైనచో ఎదుటి వకీలు మొదట వేయు ప్రశ్న యొక్కటే: ఆ అరగంట విమానముదా, ప్రయాణికునిదా?

గన్నవరమునుండి మధురపూడికి ఆకాశమున తిన్నగా గీత గీసినచో సుమారు 125 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోగల చిన్న విమానమునకు ఇది పదునైదు నిమిషముల పని. కాని నేలపై సాగుట, పైకెగయుట, మరల దిగుట చేర్చినచో అరగంట దాటును. దూరము తగ్గినకొలది వేగమునకు చోటు తగ్గును.

ఇక పామర్రువాని పద్దు చూడుడు. గన్నవరము చేరుటకు గంట. తనిఖీలకై ముందుగా నుండుటకు గంటన్నర. ఆకాశమున నలువది నిమిషములు. సామానుతో బయటపడుట కిరువది. మధురపూడినుండి పట్టణములోనికి అరగంట. వెరసి నాలుగు గంటలు. గుడివాడ, ఏలూరుల మీదుగా కారులో బయలుదేరినవాడు రమారమి మూడు గంటలకే గోదావరి గట్టు చేరి కాళ్ళు కడుగుకొనుచుండును!

అట్లని విమానము వ్యర్థమని మా మతము కాదు. కడపను తీసికొనుడు. గన్నవరమునుండి ఆకాశమున సుమారు 310 కిలోమీటర్లు. విమానమునకు గంట, గంటంబావు. పైని పద్దే వేసినను నాలుగున్నర గంటలలో ఇల్లు చేరవచ్చును. రోడ్డున నైనచో ఎనిమిది గంటలకు తక్కువ కాదు. అక్కడ విమానము సీమకును డెల్టాకును నడుమ వంతెన. ఇక్కడ కేవలము వేడుక.

ఈ భేదమును గుర్తింపకున్నచో నష్టము ప్రజలది. 2016లో ప్రకటింపబడిన ఉడాన్ పథకమున, చిన్న విమానాశ్రయముల నడుమ తక్కువ చార్జీకి నడపు సంస్థలకు లోటును ప్రభుత్వము భర్తీ చేయును. అందు రాష్ట్రముల వాటాయు గలదు. ఆ సాయము ఒక్కొక్క మార్గమునకు మూడేండ్లు మాత్రమే. కాలము తీరిన పిదప ప్రయాణికులు నిలుపుకొన్న మార్గమే నిలుచును. కాలము కలిసిరాని మార్గమునకు ఎవరు కాసులిత్తురు?

కావున విమానము కోరువారు మొదట గడపనుండి గడపకు లెక్క వేసి చూపవలెను. మిగులు కనబడినచోట గట్టిగా అడుగుదము. పామర్రునకు రైలు లేదు. రైలెక్కవలెనన్న గుడివాడకు పోవలెను. మనకు కావలసినది బందరునుండి పామర్రు, గుడివాడల మీదుగా గన్నవరమునకు విమానముల వేళ కందు బస్సు. ఆ బస్సు మిగిల్చు గంట, ఎంతటి విమానమును ఆకాశమున మిగిల్పజాలదు.

వేగము యంత్రమునకు గొప్ప. కాలము మనుష్యునికి గొప్ప. ప్రజల సొమ్ము రెండవదానికై వ్యయము కావలెను.