తోపు పోయె.. నీడ కరువాయె!
కొత్త లేఅవుట్లలో కానరాని పెద్ద చెట్లు

హోసూరు: బెంగళూరు పక్కనే ఉండటం హోసూరుకు వరం. చెట్లకు మాత్రం అదే శాపమైంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక మొదలైన వలస నేటికీ ఆగలేదు. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. రాగి చేలు, మామిడి తోపులు ఉన్నచోట సైట్ల రాళ్లు మొలిచాయి. గార్డెన్ అనీ, గ్రీన్ అనీ లేఅవుట్లకు పేర్లు ఘనమే. లోపలికెళ్లి చూస్తే ఎండకు నిలబడేందుకు ఒక్క మాను ఉండదు.

కొట్టేస్తేనే లాభమట!

సైట్లు వేసేవారి లెక్క వారిది. మధ్యలో చింతమాను ఉంటే ఒక సైటు పోతుంది, లేదా రోడ్డు వంచాలి. జేసీబీ పెడితే ఒక్కపూటలో పని ఖతం. చెట్టుతోపాటు పైమట్టీ పోతుంది. ఆ గట్టినేలలో తర్వాత నాటే మొక్కకు వేరు పట్టదు. బతికినా కరెంటు తీగలకు తగులుతుందని కొమ్మలు నరికేస్తారు. తొందరగా పచ్చబడుతుందని రాష్ట్రంలో పలుచోట్ల నాటిన కోనోకార్పస్‌ను 2025లో తమిళనాడు ప్రభుత్వమే నిషేధించింది.

చట్టం ఏమంటోంది?

అత్తిబెలె దాటితే కర్ణాటకలో 1976 నాటి వృక్ష సంరక్షణ చట్టం ఉంది. కొన్ని జాతులు మినహా చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది. తమిళనాడులో 1955 నాటి చట్టం ఉన్నా అది కొండ ప్రాంతాల చెట్లకే. మైదానంలోని పట్టా భూమిలో మామిడి తోపును కాపాడేందుకు అది పనికిరాదు.

ఇక మిగిలింది ఓఎస్‌ఆర్ స్థలం. 2019 నిబంధనల ప్రకారం 10,000 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌లో రోడ్లు పోను 10 శాతం పార్కుకు వదలాలి. అంతకన్నా చిన్నదైతే స్థలానికి బదులు డబ్బు కట్టే వీలుంది. డబ్బు కడితే వీధికి నీడ వస్తుందా? స్థలం వదిలినా అప్పటికే చెట్లు కొట్టేసి ఉంటే అది ఉత్త బయలే.

ఇలా చేస్తే మేలు

లేఅవుట్ పటంలో రోడ్లు, సైట్లతోపాటు ఉన్న చెట్లనూ గుర్తించాలి. తోపు ఉన్న మూలనే ఓఎస్‌ఆర్‌గా వదిలితే సైట్ల లెక్కా చెడదు, చెట్లూ మిగులుతాయి. అనుమతి ఇచ్చేటప్పుడే అధికారులు ఈ షరతు పెట్టాలి. సైటు కొనేవారు కూడా పత్రాలతోపాటు పార్కు ఎక్కడుందో, అందులో ఏముందో అడిగి చూసుకోవాలి. ఒక మానుకు బదులు పది మొక్కలు నాటుతామంటే సరిపోదు. చింత నీడ ఇచ్చేసరికి ఒక తరం గడుస్తుంది. అందాకా ఎండలో నడవాల్సింది మన పిల్లలే కదా!